వెడల్పు నోటి లెన్సు

సొంబోర్ శ్మశానంలో స్వెతొజార్ సమాధి రాయి ఆయన బతికుండగానే లేచింది. ఆ ఊళ్లో అది మామూలే. పోయిన భార్య పేరు పక్కనే ఆయన పేరూ, పుట్టిన ఏడూ చెక్కించుకున్నాడు. ఆమె ఫొటోకు ఉన్నట్టే ఆయనకూ ఒక గుండ్రటి చట్రం బిగించారు. అందులో బొమ్మ మాత్రం లేదు. నలభై ఏళ్లు ఊరందరికీ గుర్తింపు కార్డు ఫొటోలు తీసి విసిగిపోయిన మనిషి, తన రాయి మీద అలాంటిది వద్దన్నాడు. వాళ్ల తాతకు ఉన్నట్టు, గాజు పలక మీద తీసిన బొమ్మే కావాలట.

తీయాల్సింది కూతురు దెసాంక. ఆమెకు ఈ విద్య కొత్త. గాజుకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగెయ్యాలి. ఆ మందు వెలుతురును నిదానంగా పట్టుకుంటుంది. మబ్బు పట్టిందంటే ఎదుటి మనిషి రాయిలా కూర్చోవాల్సిందే. స్వెతొజార్ తల చూస్తే ఏడాదిగా వణుకుతోంది. ఆ సంగతి గుమ్మం దాటకూడదని ఆయన హుకుం.

"వెడల్పు నోటి లెన్సు కొను పిల్లా. సొట్టలు పడ్డా ఫర్లేదు, వెలుతురు గబగబా తాగాలి. తల కదలకుండా మెడ వెనక ఆనించే ఇనప కొయ్య మర్చిపోకు. మెరిసేదాని వెంట పడకు, నీకా జబ్బుంది."

పాత కెమెరాలమ్మే తిహోమిర్ రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. వెడల్పు నోటిది మసిబారి, సొట్టపడి, పాత దాకలా ఉంది. సన్న నోటిది ఇత్తడి తళతళలాడుతోంది.

"ఎవర్ని తీస్తావమ్మా? మనుషుల్నా, చెట్లనా?"

కొట్లో ఇంకో ఇద్దరున్నారు, చెవులు ఇటే పడేసి. మనుషులంటే ఎవరని అడుగుతారు, నాన్న వణుకు బయటపడుతుంది అనుకుంది దెసాంక.

"చెట్లనే, బాబాయ్."

"అయితే ఈ సన్నదే. ఒక్కో ఆకూ లెక్కపెట్టుకోవచ్చు. కాస్త నిదానం, అంతే. చెట్టు ఎక్కడికి పోతుంది! కొయ్య కూడా అడిగావు, చెట్టుకి మెడ పట్టుకుంటావా ఏంటి?"

అందరూ నవ్వారు. దెసాంకా నవ్వి, కొయ్య వదిలేసింది. నిజం చెప్పొద్దూ, ఆ అబద్ధం ఆమెకు కలిసే వచ్చింది. మొదట్నుంచీ కళ్లు ఆ మెరిసేదాని మీదే ఉన్నాయి.

నవంబరు నెల, ఒకటే మబ్బు. దెసాంక లెన్సు మూత తీసి ఇరవై దాకా లెక్కపెట్టింది. స్వెతొజార్ కుర్చీ చేతులు పట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నాడు. తల ఆయన మాట వినలేదు.

కడుగుతుంటే బొమ్మ తేలింది. కుర్చీ నగిషీ, కోటు బొత్తాలు, బిగిసిన చేతుల మీద నరాలు, అన్నీ వచ్చాయి. కాలరు పైన పొగ తప్ప ఏమీ లేదు.

స్వెతొజార్ పలకను కిటికీ దగ్గర పెట్టి చూశాడు.

"కుర్చీ బాగా వచ్చింది. తిహోమిర్‌కి నా తల సంగతి చెప్పలేదు కదూ?"

"నువ్వే వద్దన్నావుగా, నాన్నా."

"అన్నాను. ముసలాడి పొగరు నాది. నీకేమొచ్చింది?"

దెసాంక ఆ ఇత్తడి లెన్సు విప్పి గుడ్డలో చుట్టింది. మర్నాడు పొద్దున్నే కొట్టుకు పరుగెత్తింది. దాకలాంటి ఆ లెన్సు అప్పటికే అమ్ముడుపోయింది.

ఆ ఏడు గడవకముందే స్వెతొజార్ పోయాడు. రాతి పనివాడు వచ్చి, చట్రంలోకి బొమ్మ ఇమ్మన్నాడు. దెసాంక బీరువా అంతా వెతికి, ఆయన గుర్తింపు కార్డు తెచ్చి ఇచ్చింది.