పాడింది సుంకమ్మ

నా కారులో క్యాసెట్ ప్లేయర్ పీకించను. ఈ ముక్క ముందే చెప్పేస్తే అందరికీ మంచిది. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసులకు నా కారెక్కే పిల్లలు మొదటిరోజే దాన్ని చూసి నవ్వుతారు. మొన్న లలిత్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, "2006 వచ్చేసింది అంకుల్, సీడీది పెట్టించండి. ఈ పాత సామాను దేనికి?" అని సలహా ఇచ్చాడు.

"నీ సీడీలో నీకు గిట్టని మాట ఉంటే అది తుడిచేసి, అదే చోట నీ మాట పెట్టగలవా?" అని అడిగాను.

"ఎందుకు తుడవాలి అంకుల్?" అన్నాడు. పాపం, వాడికి సుంకక్క సంగతి తెలియదు.

క్యాసెట్ల గురించి మాట్లాడేవాళ్లంతా పెన్సిల్ పెట్టి చక్రం తిప్పిన ముచ్చటే చెబుతారు. నేను చెప్పను. చక్రం తిప్పడంలో ఏం గొప్పుంది?

పదేళ్ల కిందట నాకొక మెటడోర్ వ్యాన్ ఉండేది. కాపురం నగర్తపేటలో. పొద్దున్నే కూలీలను వాళ్ల షెడ్ల దగ్గర ఎక్కించుకుని బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్తగా లేస్తున్న ఇళ్ల దగ్గర దింపేవాణ్ణి. వ్యాన్‌లో జపాన్ స్టీరియో, వెనక రెండు పెద్ద స్పీకర్లు. బ్రేకుల కంటే స్పీకర్ల మీదే నాకు శ్రద్ధ ఎక్కువని మా ఆవిడ దెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ కూలీల్లో సుంకమ్మ ఒకతి. ఆలూరు వైపు మనిషి, నలభై దాటింది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. స్లాబ్ వేసే రోజు ఆమె లేకపోతే పని నడవదు. కాంక్రీటు ఒకసారి మొదలైతే మధ్యలో ఆపకూడదు. ఆడవాళ్లు కింది నుంచి పై దాకా వరసగా నిలబడి కాంక్రీటు నింపిన బాండ్లీలు చేతులు మారుస్తుంటే సుంకక్క పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఆ పాట నడకకే చేతులు ఆడేవి. మేస్త్రీ కూడా సుంకక్క ఊళ్లోనే ఉందని కనుక్కున్నాకే స్లాబుకు ముహూర్తం పెట్టేవాడు.

అలా ఒకరోజు జోగయ్య ఇంటికి స్లాబ్ పడింది. ఆయనకు చిక్కపేటలో క్యాసెట్ల దుకాణం. జానపదాలు పాడించి సొంతంగా క్యాసెట్లు తీసి అమ్మేవాడు. ఇల్లు ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చినవాడు పాట విని అక్కడే ఉండిపోయాడు. తర్వాత ఒక ఆదివారం సుంకక్కను స్టూడియోకు పిలిపించి పాడించి, చీర పెట్టి పంపాడు. ఆ సంబరంలో ఆమె ఆలూరు పోయి, నా క్యాసెట్ వస్తాది, వినండని చుట్టాలందరికీ చెప్పొచ్చింది.

క్యాసెట్ రానే వచ్చింది. నేనే ముందుగా కొన్నాను. అట్ట మీద లంగా ఓణీలో ఎవరో చక్కని పిల్ల ఉంది. అది అలంకారానికేలే అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆడవాళ్లంతా వ్యాన్ ఎక్కాక స్టీరియోలో పెట్టి సౌండ్ పెంచాను. ముందు ఒక సన్నటి గొంతు పలికింది: "ఈ జానపద గీతాలను ఆలపించినవారు కుమారి కిరణ్మయి." ఆ వెంటనే సుంకక్క పాట మొదలైంది.

పాట ఒకటి అయిపోయింది.

"ఇది నా గొంతే కదా గంగన్నా?" అంది సుంకక్క.

"నీదే అక్కా."

"మరి ఆ కిరణ్మయి ఎవురు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. "ఊర్లో అందరికీ చెప్పుకున్నానే. ఇంక నన్ను కోతల సుంకి అంటారు" అంది. నాకు ఒళ్లు మండింది. అంతకుముందు రోజు నేను ఆ క్యాసెట్ కొని మురిసిపోయినందుకు ఇంకా మండింది.

సాయంత్రం ఇద్దరం చిక్కపేట పోయాం. జోగయ్య మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"నీ గొంతు బంగారం, సుంకమ్మా. కానీ నీ పేరు అట్ట మీద వేస్తే ఎవరు ముట్టుకుంటారు చెప్పు? కిరణ్మయి మా బావమరిది కూతురు. ముఖం కళగా ఉంటుందని వేశాం. నీకు చీర పెట్టాం కదమ్మా."

"ఆ చీర రేపు తెచ్చి నీ గల్లా మీద పెడతా. నా పేరు నాకియ్యి."

"అచ్చయిపోయింది. ఊళ్లకు పోయింది. ఇప్పుడు ఎవరేం చేయగలరు?" అని జోగయ్య రెండు చేతులూ తిప్పాడు.

బయటికొచ్చాక సందులో హమాలీలు బట్టల బేళ్లు దొర్లిస్తుంటే దారి ఇచ్చి పక్కకు నిలబడ్డాం. సుంకక్క ఏడవలేదు. "గంగన్నా, ఆ పిల్ల మాట ఒక్కటి తుడిచేసేకి కాదా?" అని అడిగింది.

అవుతుంది. కొన్న క్యాసెట్‌కు నెత్తిన రెండు గుంతలుంటాయి. దాని మీద మళ్లీ రికార్డు చేయకుండా కంపెనీవాళ్లు చేసే ఏర్పాటది. గుంతలో కాగితం ఉండ కుక్కి, పైన ప్లాస్టర్ అంటిస్తే ఆ ఏర్పాటు గంగలో కలిసినట్టే. ఈ విద్య అప్పట్లో బెంగళూరులో తెలియని డ్రైవర్ లేడు.

ఆదివారం మా ఇంట్లోని టేప్ రికార్డర్‌తో షెడ్ల దగ్గరికి పోయాను. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. మీట నొక్కి సైగ చేయగానే సుంకక్క గుక్క తిప్పుకోకుండా, "సుంకమ్మ నా పేరు, ఆలూరు నుంచి వచ్చినా, ఈ గొంతు నాది" అంది. వెనక్కి తిప్పి వింటే "ఈ గొంతు నాది" ఒక్కటే వినిపించింది. క్యాసెట్ మొదట్లో ఏదీ ఎక్కని ఖాళీ రిబ్బన్ కొంత ఉంటుంది. తొందరలో ఇద్దరం దాని సంగతి మరిచాం.

"మళ్లీ పేరే పాయెనే!" అని ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. సుంకక్క నవ్వలేదు. "వాడు తీసేసింది చాలదని ఇది కూడా తీసేస్తాదా?" అని క్యాసెట్‌ను తిట్టింది. నేను ఖాళీ రిబ్బన్ దాటించి, గోధుమరంగు రిబ్బన్ కనపడ్డాక మళ్లీ పెట్టాను. ఈసారి మొత్తం పలికింది. కిరణ్మయి ఆనవాలే లేదు.

సోమవారం అది వ్యాన్‌లో మోగింది. మంగళవారానికి పక్క సైటు డ్రైవర్లు తమ క్యాసెట్లు పట్టుకొచ్చారు. తర్వాత ఆటోవాళ్లు, టీ బండివాళ్లు. ఆ పాటలు నచ్చి కొన్న ప్రతివాడికీ అసలు పాడిన మనిషి తన క్యాసెట్‌లో మాట్లాడాలని ఆశ. ఆదివారం వస్తే షెడ్ల ముందు జనం. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి ఎక్కించేస్తే పోతుంది కదా అక్కా, ఎందుకింత శ్రమ అన్నాను.

"సుమ్నే, గమ్మున ఉండప్పా. ఒక్కొక్కదానికీ నా నోటితోనే చెప్తా" అంది. అలాగే చెప్పింది. ఒళ్లు అలిసిన రోజు కోపంగా, కూతురి దగ్గర్నుంచి మంచి కబురొచ్చిన రోజు నవ్వుతూ. ఆలూరు పోయేవాళ్ల చేతికీ కొన్ని ఇచ్చి పంపింది. నా జన్మలో నేను చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకోదగ్గది ఆ కాగితం ఉండలు కుక్కడమే.

ఒకరోజు మధ్యాహ్నం కూలీలు అన్నాలు తింటున్న వేళ జోగయ్య సైటుకు వచ్చాడు. ముఖం ధుమధుమలాడుతోంది.

"నా సరుకు పాడుచేస్తున్నారు మీరు! జనం కొన్నవి తెచ్చి వాపసు ఇస్తున్నారు. సుంకమ్మ మాట్లాడేది కావాలట! మీ మీద కేసు పెడతా."

"పెట్టు. గొంతు ఎవురిదని జడ్జి అడిగితే అక్కడే పాడి చూపిస్తా" అని సుంకక్క ముద్ద కలుపుకుంటూ అంది.

జోగయ్య దిగొచ్చాడు. "సరే సుంకమ్మా. రెండో క్యాసెట్ తీద్దాం. అట్ట మీద నీ పేరే వేస్తా, పెద్ద అక్షరాలతో."

ఆడవాళ్లంతా తినడం ఆపి ఆమె వైపు చూశారు. ఒప్పుకుంటుందనే అనుకున్నాను, ఒప్పుకుంటే తప్పేముంది? సుంకక్క చెయ్యి కడుక్కుని, అప్పటికి నేను వ్యాన్‌లోనే పెట్టుకు తిరుగుతున్న టేప్ రికార్డర్ తెమ్మంది. తెచ్చాను. మొదటి క్యాసెట్ ఒకటి అందులో పెట్టించి జోగయ్య ముందుకు జరిపింది.

"రెండోది తర్వాత చూద్దాం. అబద్ధం చెప్పించినోడివి నువ్వు. నిజం కూడా నీ నోటితోనే చెప్పు."

"ఇక్కడా? అందరి ముందరా?"

"నా పేరు తీసేసింది అందరి ముందరే కదప్పా."

మీట నొక్కాను. జోగయ్య గొంతు సవరించుకుని, ఈ పాటలు పాడింది సుంకమ్మ అని నేల చూపులు చూస్తూ చెప్పాడు. వెనక్కి తిప్పి వినిపించాను. సుంకక్క తల అడ్డంగా ఊపింది.

"నా పేరు కాడికి వచ్చేసరికి గొంతు తగ్గిపాయె. మళ్లీ చెప్పు."

జోగయ్య చుట్టూ చూశాడు. ఒక్కరూ లేచి వెళ్లలేదు. ఆయన మళ్లీ చెప్పాడు. ఈసారి పైఅంతస్తులో సెంట్రింగ్ కొడుతున్నవాళ్లకు కూడా వినిపించింది.