మూడో పీరియడ్ హాజరు

మా టీచర్ల యూనియన్‌లో నాకు పదవి వచ్చిన తీరు చెబితే మీరే నవ్వుతారు. నిరసనలు ఎవరు నడిపించాలని ఓటు వేస్తున్న సమయంలో నేను కాఫీ కోసం బయటికి వెళ్లాను. కప్పుతో తిరిగి వచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎందుకో తెలియక నేనూ కొట్టాను.

నా పేరు ఎమ్లిన్ ప్రాసర్. పెన్సిల్వేనియాలో బొగ్గు గనులు మూతపడ్డాక మిగిలిపోయిన ఊళ్లలో మా మోర్డెన్ గ్యాప్ ఒకటి. ఇక్కడ ఇరవై ఆరేళ్లుగా ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. హోటల్లో చల్లారిన సూప్ తెచ్చిపెట్టినా, బాగుందని చెప్పి తాగేసే రకం నేను.

స్కూలు బోర్డుతో మా ఒప్పందం జూన్‌లోనే ముగిసిపోయింది. కొత్తదానిలో తరగతికి ఇరవై ఆరుగురు కాదు, ముప్పై నలుగురు ఉండాలన్నారు. పేపర్లు దిద్దుకునే ఖాళీ పీరియడ్ కూడా తీసేస్తామన్నారు. పాత ఒప్పందం పోయింది, కొత్తది రాలేదు, ఇక అడిగేదెవరు? నా మూడో పీరియడ్‌లో అప్పటికే ముప్పై ముగ్గురిని చేర్చేశారు.

ఫిబ్రవరి చలిలో, రోజూ బడికి గంట ముందు, రోడ్డు పక్కన నినాదాల అట్టలు పట్టుకుని నిలబడాలని తీర్మానించాం. నా అట్ట మీద నేను ఆదివారమంతా కష్టపడ్డాను. రెండు పెద్ద వాక్యాలు, మధ్యలో సెమికోలన్, కింద చిన్న అక్షరాల్లో ఆధారాలు. నా భార్య నడీన్ అది చదవడానికి కళ్లజోడు తెచ్చుకుంది. సగం చదివి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మా బడి యూనియన్‌కు పెద్ద దిక్కు డొలోరెస్ యాంకోవిచ్. ఆటల టీచరు, మెడలో ఎప్పుడూ విజిల్ ఉంటుంది. ఆమె అట్ట మీద ఉన్నదల్లా ‘34?’ అని. దాన్ని చూసి పాల బండి దగ్గర్నుంచి అంబులెన్సు దాకా అందరూ హారన్ కొట్టారు. నా అట్ట ముందు బండ్లు కాస్త నెమ్మదించి, మళ్లీ వేగం అందుకునేవి. మూడో రోజున స్కూలు బస్సు డ్రైవరు కిటికీ దించాడు. “సర్, మూడు రోజుల్నుంచి చదువుతున్నా. ‘అయినప్పటికీ’ దాకా వచ్చా. ఆ తర్వాత ఏముంది?” అని అడిగాడు.

అదే రోజు ఒక ట్రక్కాయన మావైపు చెయ్యెత్తాడు. మద్దతు దొరికిందని పొంగిపోయి నేను రెండు చేతులూ ఊపాను. ఆయన ఎత్తింది చెయ్యి కాదు, ఒక్క మధ్య వేలని డొలోరెస్ తర్వాత మెల్లగా చెప్పింది.

తర్వాతి సోమవారం సాయంత్రం హైస్కూలు లైబ్రరీలో బోర్డు సమావేశం జరిగింది. ఊరు ఊరంతా వచ్చింది. మాట్లాడదలిచిన వాళ్లకు తలా మూడు నిమిషాలు. అధ్యక్ష స్థానంలో కర్టిస్ బోలాండర్ ఉన్నాడు. పంపులు, పైపులు అమ్మే దుకాణం అతనిది. ఒకప్పుడు నా విద్యార్థే. నేను పదకొండు పేజీల ప్రసంగంతో లేచి, ఈ రాష్ట్రంలో ప్రభుత్వ బడులు ఎలా పుట్టాయన్న దగ్గర మొదలుపెట్టాను. ఇంకా పంతొమ్మిదో శతాబ్దం దాటకముందే గంట మోగింది.

“టైమైంది, ప్రాసర్ సర్,” అన్నాడు కర్టిస్, జాలిగానే.

ముప్పై నాలుగు సంగతి ఇంకా రాలేదు కదా నాయనా అన్నాను. హాలంతా నవ్వింది. మా వాళ్లే ఎక్కువ నవ్వారు.

తర్వాతి వంతు డొలోరెస్‌ది. సీటుకేసి జారుకుంటున్న నన్ను ఆమె చొక్కా చెయ్యి పట్టి ఆపింది. “నా మూడు నిమిషాలూ ఈయనకే. ఎమ్లిన్, ఆ కాగితాలు ఇటివ్వు. నీ మూడో పీరియడ్ పిల్లల పేర్లు చెప్పు. హాజరు వేసినట్టు చెప్పెయ్. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు.”

కర్టిస్ పక్కనున్న బోర్డు వకీలు వైపు చూశాడు. వకీలు భుజాలెగరేశాడు. నేను కళ్లు మూసుకుని తలుపు పక్క వరసతో మొదలుపెట్టాను. పేర్లు గబగబా వచ్చేశాయి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ముప్పై రెండు దాకా వెళ్లి, ఆగిపోయాను.

ఇంకో పిల్ల ఉంది. ఆ బెంచీ కనిపిస్తోంది. నీలం స్వెట్టరు, ముఖం మీద పడే జుట్టు, గుండ్రటి చేతిరాత కూడా కనిపిస్తున్నాయి. పేరు మాత్రం రాలేదు. ఎన్నడూ చెయ్యెత్తని పిల్ల, ఎన్నడూ అల్లరి చెయ్యని పిల్ల. నా చెవులు వేడెక్కాయి.

వెనక గోడ దగ్గర నర్సు దుస్తుల్లో ఉన్న ఒకామె లేచింది.

“టెస్సా,” అంది. “టెస్సా కిల్గాలన్. మా అమ్మాయి. సెప్టెంబరు నుంచీ మీ క్లాసులోనే ఉంది, సర్.”

నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. కానీ ఆమె నన్ను వదిలేసి కర్టిస్ వైపు తిరిగింది. “ఆయన మంచాయనే. ముప్పై ముగ్గురికే ఆయన పని ఇలా ఉంది. ఇంకొకర్ని కూడా చేరుస్తానంటారా?”

కర్టిస్ ఆ అంశాన్ని వాయిదా వేస్తున్నామన్నాడు.

బయట కార్ల దగ్గర డొలోరెస్ నా వీపు చరిచింది. “ఎక్కడ ఆగాలో అక్కడ ఆగావు చూడు. నీలో ఇంత నటుడున్నాడని నేననుకోలేదయ్యా,” అంది. నిజం చెప్పడానికి నాకు బోలెడు సమయం దొరికింది. నేను మాత్రం, ‘ఏదోలే’ అన్నాను. మర్నాటికి ఊరంతా అదే మాట. నా తెలివిని నలుగురూ మెచ్చుకుంటుంటే నేను వినయంగా తల వంచుకున్నాను. అది సిగ్గుతో వంగిన తలని ఎవరికీ అనుమానం రాలేదు.

మూడు వారాల్లో ఒప్పందం కుదిరింది. తరగతికి ఇరవై ఎనిమిది మంది, ఖాళీ పీరియడ్ పదిలం. ఆ మూడు వారాలూ నేను టెస్సా కళ్లలోకి చూడలేదు కానీ, పేరు మాత్రం రోజుకు పదిసార్లు పిలిచాను. కిటికీ తెరువు టెస్సా. నీ అభిప్రాయమేమిటి టెస్సా. సంతకాలైన మర్నాడు ధైర్యం తెచ్చుకుని, గంట కొట్టాక ఆమెను ఆగమన్నాను. ఆ రోజు నటించలేదనీ, నిజంగానే పేరు గుర్తు రాలేదనీ చెప్పాను.

“నాకు తెలుసు సర్,” అంది. “అక్టోబరంతా నన్ను టెరెసా అనే పిలిచారు. నేనూ పలికాను.”

క్షమించమన్నాను. సరేనంది. ఇంకేమైనా చెయ్యమంటావా అని అడిగాను.

“రోజుకు అన్నిసార్లు పిలవకండి సర్. అందరూ నవ్వుతున్నారు.”

ఆ సాయంత్రం వాళ్లమ్మకు ఫోన్ చేసి, ఆమెకూ అదే చెప్పాను. ఆమె మొదట, ఒప్పందం మీద సంతకాలైపోయాయా అని అడిగింది. అయ్యాయన్నాను.

“అయితే ఈ సంగతి ఇంకెవరి దగ్గరా అనకండి,” అని, పిల్ల వ్యాసం ఎలా రాసిందని అడిగింది. ఆ వ్యాసం నా ఎదురుగానే ఉంది. మొదటి పేరా నుంచి మొదలుపెట్టి, ఆమె చాలు మహాప్రభో అనేదాకా చెప్పాను.