పదకొండు ఓట్ల బండి

బడిపిల్లల వ్యాను కాంట్రాక్టు ఎవరికి దక్కాలన్నా ముందు కళ్ళజోడాయన ఊ అనాలి. ఆయన నాయకుడూ కాదు, అధికారీ కాదు. నాయకుడి ఆఫీసు గుమ్మం పక్కన బల్ల వేసుకుని కూర్చునే మనిషి, అంతే. అయినా ఆయన్ని దాటుకుని ఏ కాగితమూ లోపలికి పోదు. వ్యాను డ్రైవరు మూడు నెలలుగా ఆ బల్ల ముందు నిలబడుతూనే ఉన్నాడు. పోలింగుకి ముందురోజు ఆయనే కబురు పెట్టి పిలిపించాడు.

"కొండకింది వీధిలో కదల్లేని ముసలాళ్ళు ఎంతమంది?"

"పదకొండు మంది సార్. నా బండిలోనే ఆస్పత్రికి తిప్పుతుంటాను."

"రోడ్డు వెడల్పు చేస్తే వాళ్ళ ఇళ్ళు పోతాయి. మనకి ఓటెందుకు వేస్తారు? నువ్వొక పని చెయ్యి. రేపు ఓటుకి ఊరికే తీసుకెళ్తానని చెప్పి ఎక్కించుకో. దించకు."

"అర్థం కాలేదు సార్."

"పాత బండి. దారిలో ఆగిపోకూడదా ఏం? ఐదింటికి తలుపులు మూసేస్తారు."

"ఆ పదకొండు మందిలో మా మేనత్త కూడా ఉంది సార్."

"ఇంకేం, మరీ మంచిది. ఆవిడ ఎక్కితే ఎవరికీ అనుమానం రాదు." కళ్ళజోడాయన సొరుగు తెరిచి కాంట్రాక్టు కాగితం చూపించి, మళ్ళీ లోపల పెట్టేశాడు.

డ్రైవరుకి నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. మేనత్తే పెంచింది. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు చేతికర్ర లేనిదే గడప దాటలేదు. అయినా ఓటు మాత్రం ఒక్కసారీ మానలేదు.

మర్నాడు పొద్దున్న అవతలి పార్టీవాళ్ళు ఆ వీధికి ఆటోలు పంపారు. మేనత్తే వాటిని తిప్పి పంపేసింది. "మా వాడి బండి వస్తుంది. వాడైతే మెల్లగా నడుపుతాడు," అంది. అలా మిగతా పదిమందీ ఆగిపోయారు.

మూడున్నరకి వ్యాను వచ్చింది. ఆలస్యమైందేమని ఎవరూ అడగలేదు. అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని గుమ్మాల్లో కూర్చుని ఉన్నారు. డ్రైవరు ఒక్కొక్కరినీ చంకల కింద చేతులు వేసి లేపి ఎక్కించాడు. మేనత్తని ముందు సీట్లో తన పక్కనే కూర్చోబెట్టాడు. దగ్గరి దారిలో రద్దీగా ఉందని చెప్పి, ఇటుకల బట్టీల మీదుగా చుట్టు దారి పట్టాడు. అక్కడ ఇళ్ళు లేవు, చెట్టు నీడ కూడా లేదు. పోలింగు జరిగే బడి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా బండి ఆపి దిగాడు. బానెట్ ఎత్తి, చిన్న ఫ్యూజు ఒకటి పీకి జేబులో వేసుకున్నాడు.

"ఏమైందిరా?" అని వెనక నుంచి గడియారాల తాత అడిగాడు. వాచీలు బాగుచేసి బతికిన మనిషి. ఇప్పుడు చూపు సగం ఆనదు.

"వేడెక్కింది తాతా. చల్లారితే బయల్దేరుదాం."

"తొందరేం లేదులే. నువ్వు ఎండలో నిలబడకు." తాత తన నీళ్ళ సీసా కిటికీలోంచి అందించాడు. డ్రైవరు తాగాడు.

అతను బానెట్ చాటున ఉండగా ముందు అద్దం దగ్గర పెట్టిన ఫోను మోగింది. రెండుసార్లు మోగి ఆగి మళ్ళీ మోగితే, ఏ మెకానిక్కో అనుకుని మేనత్త ఎత్తింది. అవతలి మనిషి హలో కూడా అనలేదు.

"ఆపేశావా? ఐదయ్యేదాకా అక్కణ్ణుంచి కదిలావంటే కాంట్రాక్టు మర్చిపో."

ఆమె ఫోను ఎక్కడిదక్కడ పెట్టేసింది. తర్వాత తలుపు తీసుకుని, కర్ర ముందు దించి, తనూ దిగింది.

డ్రైవరు పరుగున వచ్చాడు. "ఎక్కడికత్తా?"

"ఓటెయ్యడానికి."

"రెండు కిలోమీటర్లు. నీ కాళ్ళతో కాదు."

"ఫోనొచ్చింది. నేనే ఎత్తాను," అంది ఆమె, వెనక వాళ్ళకి వినబడకుండా. "వీళ్ళకి చెప్పను. చెప్తే నిన్ను తిడతారు, వీధిలో తలెత్తుకోలేవు. అది నేను చూడలేను. కానీ నీ జేబులో ఏముందో నీకు తెలుసు. ఇంకా టైముంది."

ఆమె కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడు నాలుగూ పది. అతను జేబులో చెయ్యి పెట్టి ఫ్యూజుని పట్టుకున్నాడు. పెట్టడానికి అర నిమిషం కూడా పట్టదు. మేనత్త మలుపు తిరిగేదాకా చూస్తూ, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఐదూ ఐదుకి బండి కదిలింది. వెనక అందరూ సంతోషించారు. "పోతే పోయిందిలే ఓటు, పిల్లాడు ఎంత అవస్థ పడ్డాడో," అంది ఒక ముసలమ్మ. బడి ఇంకా వంద గజాలుందనగా, అంతకుమించి నడవలేక రోడ్డు పక్క రాయి మీద మేనత్త కూర్చుని ఉంది. ఒక చెప్పు లేదు. మోకాలు వాచి చీర కింద ఉబ్బెత్తుగా కనబడుతోంది. దూరంగా బడి గేటు మూస్తున్నారు.

"కాస్త ఓపిక పట్టి ఉంటే మాతోనే వచ్చేదానివిగా," అన్నాడు గడియారాల తాత.

ఆమె లేవబోయి లేవలేకపోయింది. డ్రైవరు చెయ్యి చాపాడు. చాలాసేపు ఆ చేతిని చూసి, వేరే దారి లేక పట్టుకుంది.

కళ్ళజోడాయన నాయకుడు తొమ్మిది వేల ఓట్ల తేడాతో గెలిచాడు. పదకొండు ఓట్లు ఏ మూలకీ రావు. డ్రైవరుకి కాంట్రాక్టు వచ్చింది. మూడో నెలలో ఇళ్ళు ఖాళీ చెయ్యమని కొండకింది వీధికి నోటీసులు వచ్చాయి. సామాన్లు తరలించడానికి అందరూ అతన్నే పిలిచారు, నమ్మకస్తుడని. మంచాలూ, గిన్నెలూ, గడియారాల తాత బల్లా అన్నీ మోశాడు.

చివరికి మేనత్త గుమ్మం ముందు బండి ఆపాడు.

"మా ఇంటికొచ్చెయ్ అత్తా. పిల్లలు అడుగుతున్నారు."

"నీ ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు నోరు జారతాను. వాళ్ళు వింటారు," అంది ఆమె. "ఊరి చివర అనాథల ఆశ్రమంలో ముసలాళ్ళని కూడా చేర్చుకుంటారట. అక్కడ దించు."

అతను దించాడు. అక్కడి గుమస్తా రిజిస్టరు తెరిచి, నీకెవరైనా ఉన్నారా అని ఆమెని అడిగాడు. ఎవరూ లేరని ఆమె చెప్తుంటే, డ్రైవరు ఆమె పెట్టె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.