టిక్కెట్లు వసపిట్ట కొంటుంది

ఆ ఇంట్లో పెద్దపిల్లకు వసపిట్ట అని పేరు పెట్టింది వాళ్ల నాన్నే. పొద్దున కళ్లు తెరిచింది మొదలు ఆ ఆరేళ్ల పిల్ల నోరు మూతపడదు. పళ్లు తోముకుంటూ నోటినిండా నురగతోనే ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది. అదే పిల్ల గడప దాటిందంటే నోటికి తాళం పడినట్టే. బడిలో చేరి ఏడాది కావస్తున్నా టీచరు ఆమె గొంతు ఎలా ఉంటుందో ఎరగదు.

"ఇది మొండితనం కాదు, భయం," అని డాక్టరమ్మ చెప్పింది. "మాట్లాడమని బలవంతపెట్టకండి. అలాగని తన మాట మీరు మాట్లాడేయకండి. కాస్త ఆగండి, అంతే."

మొదటిది అమ్మకు తేలిగ్గానే అలవాటైంది. ఆ ఆగడమే చేతకాలేదు. ఎవరైనా పిల్లను పలకరించడం ఆలస్యం, జవాబు ఈమె నోట్లోంచి దూకేసేది.

అమ్మ కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. నాన్న లిఫ్టు మెకానిక్. ఇద్దరికీ శని, ఆదివారాలు ఒకేసారి ఖాళీ దొరకడం గగనం. అలాంటిది ఒకసారి దొరికింది. పిల్లల్ని తీసుకుని నగరానికి వెళ్లి, రాత్రికి హోటల్లో ఉండి వద్దామనుకున్నారు.

భోజనాలయ్యాక తిన్న బల్ల మీదే నాన్న నగరాన్ని పరిచాడు. నీళ్ల చెంబు రైల్వే స్టేషను. ఉప్పు సీసా హోటలు. బోర్లించిన గిన్నె ఊళ్లోకెల్లా ఎత్తైన మేడ.

"ముందు మేడెక్కుదాం. అక్కడి లిఫ్టు ఎంత వేగంగా వెళ్తుందో తెలుసా..."

"సెలవునాడు కూడా లిఫ్టేనా మీకు?" అంది అమ్మ. "మధ్యాహ్నం చిన్నోడికి నిద్ర లేకపోతే సాయంత్రం మనకి చుక్కలు చూపిస్తాడు. హోటలుకి దగ్గర్లో ఒక్కటి చూద్దాం, చాలు."

మూడేళ్ల చిన్నోడు ఈ గొడవేదీ పట్టనట్టు చెంబు చుట్టూ చెంచాను తిప్పుతూ కూత పెడుతున్నాడు. వాడికి రైలెక్కితే చాలు, ఊరు ఏదైనా ఒకటే.

"చేపల ఇల్లు చూద్దాం," అంది వసపిట్ట. "అక్కడ అద్దాల గుహ ఉంటుందంట. మనం నడుస్తుంటే చేపలు మన నెత్తి మీంచి ఈదుతాయంట. టిక్కెట్లు నేను కొంటా."

చిన్నోడి చెంచా రైలు ఆగిపోయింది.

"కౌంటర్లో కొత్తవాళ్లుంటారు కదమ్మా," అంది అమ్మ మెల్లగా.

"తెలుసు. నువ్వు మాట్లాడకూడదు. నాన్న కూడా మాట్లాడకూడదు. ఒట్టెయ్యండి."

ఇద్దరూ ఒట్టేశారు.

ఆ వారమంతా వంటింటి గుమ్మంలో కుర్చీ అడ్డం పెట్టి కౌంటరు నడిపారు. నాన్న ఆవలిస్తూ, విసుక్కుంటూ, "చిల్లర లేదు, రేపు రండి" అంటూ ఎన్ని వేషాలు వేసినా వసపిట్ట తడబడలేదు. "ఇద్దరు పెద్దవాళ్లకి, ఒక చిన్నపిల్లకి" అని గడగడా చెప్పేది. చిన్నోడికి టిక్కెట్టు అక్కర్లేదు. నాలుగు నిండనివాళ్లను ఊరికే రానిస్తారని నాన్న ముందే కనుక్కున్నాడు.

"ఇంట్లో చెబుతుంది, సరే. అంత జనం ముందు మధ్యలో ఆగిపోతే?" సంచిలో బట్టలు సర్దుతూ అడిగింది అమ్మ.

"ఆగిపోతే ఆగుదాం. లిఫ్టు మధ్యలో ఆగిందని ఎవరైనా దూకేస్తారా?" అన్నాడు నాన్న.

శనివారం చేపల ఇంటి ముందు పెద్ద వరస. తమ వంతు వచ్చేసరికి వసపిట్ట కౌంటరు అంచు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడింది. గాజు వెనకున్న అమ్మాయి నవ్వుతూ, "చెప్పమ్మా," అంది.

పిల్ల పెదవులు కదిలాయి. మాట రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. నాన్న ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"కాస్త తొందరగా కానివ్వండి," అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

అమ్మ వెనక్కి తిరిగింది. "మా అమ్మాయి టిక్కెట్లు కొంటోందండి. కాస్త ఆగండి," అంది. అలా అనగలనని ఆమె కూడా అనుకోలేదు.

కౌంటర్లోని అమ్మాయి నాన్న భుజాల మీదున్న చిన్నోడిని చూసింది. "బాబూ, నీకెన్నేళ్లు?"

"ఐదు!" అన్నాడు వాడు, చెయ్యంతా చాపి.

"ఐదా! అయితే బాబుకి కూడా టిక్కెట్టు తీసుకోవాలే..."

"అబద్ధం!"

వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"వీడికి మూడే! ఇంకా నాలుగు కూడా రాలేదు. చెప్పులు కూడా తిరగేసి వేసుకుంటాడు!" అంది వసపిట్ట, ఇంట్లో తమ్ముడితో పోట్లాడేటప్పటి గొంతుతోనే. అని, తనెక్కడున్నదో అప్పుడే గుర్తొచ్చినట్టు చేత్తో నోరు మూసుకుంది.

ఈ సంగతులేవీ తెలియని కౌంటరు అమ్మాయి, "అలాగా! మంచిపని చేశావు, చెప్పి. మరి ఎన్ని టిక్కెట్లు ఇవ్వను?" అంది.

వసపిట్ట నోటి మీంచి చెయ్యి మెల్లగా తీసింది. "ఇద్దరు పెద్దవాళ్లకి..." గుటక మింగింది. "ఒక చిన్నపిల్లకి. చిన్నపిల్లంటే నేనే."

టిక్కెట్లు గుప్పిట్లో పట్టుకుని ఆ పిల్ల ముందు నడిచింది. గేటు దగ్గర కాపలా మనిషి ఏమీ అడగకుండానే నాన్న, "మా అమ్మాయే కొన్నదండీ," అని చెప్పాడు. అద్దాల గుహలో పెద్ద పెద్ద చేపలు నెత్తి మీంచి తేలిపోతుంటే చిన్నోడు కేరింతలు కొట్టాడు. అమ్మ మాత్రం పైకి చూస్తూనే కళ్లు తుడుచుకుంటూ ఉంది. ఊరందరికీ చూపు సరిచేసే మనిషికి ఆ పూట ఒక్క చేపా తిన్నగా కనిపించలేదు.

మర్నాడు పొద్దున హోటల్లో వడ్డించే అతను ఏం కావాలని అడిగితే వసపిట్ట మళ్లీ అమ్మ భుజంలో మొహం దాచుకుంది. అమ్మ జవాబు చెప్పలేదు. చాలాసేపటికి పిల్ల పక్క బల్ల మీదున్న పాలగ్లాసు వైపు వేలు చూపించింది. అతను పాలు తెచ్చాడు.

"నిన్నటి ధైర్యం ఏమైందో!" అన్నాడు నాన్న, వినబడీ వినబడనట్టు.

"ఏమీ కాలేదు, అలాగే ఉంది. రోజూ డ్యూటీకి రావాలా ఏంటి?" అంది అమ్మ.

ఆ తర్వాతి వారమంతా కళ్లద్దాల దుకాణానికి వచ్చినవాళ్లకు అద్దాలు చేతికందే లోపల ఈ కథ వినక తప్పలేదు. పిల్ల ఎంతసేపు నిలబడిందో, ఏ మాట దగ్గర గుటక మింగిందో ఏదీ వదలకుండా అమ్మ చెప్పేది. అంతా విని ఒక పెద్దాయన, "ఇంతకీ చేపలు బాగున్నాయా?" అని అడిగాడు.

"ఏమోనండీ, అది మా అమ్మాయినే అడగాలి," అంది ఆమె, ఆయన ముక్కు మీద కొత్త అద్దాలు సరిచేస్తూ. "చెప్పడానికి కొంచెంసేపు పడుతుంది. మీకు ఓపిక ఉండాలి."