ఆది జాకెట్టు

మా తమ్ముడు నయీం ప్రొద్దుటూరులో పేరున్న టైలరు. ఆడవాళ్ల ఒంటిమీద టేపు పెట్టడు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే, దాన్ని పరిచి అదే కొలతకు కత్తిరిస్తాడు. కాజాలు, హుక్కులు అక్కనైన నా పని. వాడిని తిట్టడం కూడా నా పనే.

ఇరవై ఆరేళ్ల కిందట మైమూన్ అనే పిల్ల ఆది ఇచ్చి వెళ్లింది. వీడు మనసు పారేసుకున్నాడు గానీ నోరు విప్పలేదు. ఆది వెనక్కి తీసుకోకుండానే ఆ పిల్ల పెళ్లయి పులివెందులకు వెళ్లిపోయింది. వీడు పెళ్లీ గిళ్లీ లేకుండా, ఆ జాకెట్టును బీరువాలో పెట్టుకుని ఉండిపోయాడు. ఎన్ని సంబంధాలు తెచ్చానో! ఒక్కదానికీ తల ఊపలేదు, దరిద్రుడు.

పోయిన వారం మైమూనే అంగడికి వచ్చింది. మొగుడు పోయి అయిదేళ్లట, ఇప్పుడు జమ్మలమడుగులో అన్నగారింట్లో ఉంటోందట. అన్న కూతురి పెళ్లికని పట్టుగుడ్డ, దాంతోపాటు కొత్త ఆది ఇచ్చింది. "ఈసారన్నా అడగరా" అని వారమంతా వాడి చెవిలో పోరాను. వాడు తల వంచుకుని కుడుతూనే ఉన్నాడు.

నిన్న ఆమె వచ్చి, కుట్టిన జాకెట్టును తెర వెనక్కి పోయి తొడుక్కోబోయింది. మోచేతి దగ్గరే ఇరుక్కుపోయింది.

"మెహతాబక్కా, ఏందిది? చంటిబిడ్డకు కుట్టినాడా?" అంటూ దాన్ని పట్టుకుని బయటికొచ్చింది.

బల్ల మీద చూద్దును కదా, ఆమె ఇచ్చిన కొత్త ఆది మడత కూడా విప్పలేదు. పక్కనే బీరువాలోంచి తీసిన పాతది. దాన్ని పరిచి కత్తిరించాడు మహానుభావుడు!

"నీ కండ్లేమన్నా పోయినాయిరా?" అని అరిచాను.

మైమూన్ పాత జాకెట్టును గుర్తుపట్టింది. నవ్వుతుందనుకున్నాను. స్టూలు మీద కూలబడింది.

"ఇన్నేండ్లూ దీన్ని పెట్టుకున్నావా? ఆ పొద్దే ఒక్క మాట అడిగింటే నేను పులివెందులకు పోయేదాన్నే కాదు గదప్పా!"

"భయమేసింది. ఇన్నేండ్లు మట్టిపాలు చేసినా" అన్నాడు నయీం, పాత జాకెట్టు అంచు నలుపుతూ. దాన్నే చూస్తూ, "ఇప్పుడు... నన్ను చేసుకుంటావా?" అన్నాడు.

"ఎవర్ని అడుగుతాండావు, ఆ జాకెట్టునా? అది తొడుక్కున్న పిల్ల యాడుంది ఇంక? నేనీడుండా. నన్ను జూసి అడుగు."

వాడు తలెత్తాడు. నెరిసిన పాపిట, లావెక్కిన చేతులు, తడిసిన కళ్లు, అన్నీ చూశాడు. మళ్లీ అడిగాడు.

"ఊఁ" అంది. "లెయ్యి. గుడ్డ పాడు చేసినావు, కొత్తది కొనిద్దువు పా."

ఇద్దరూ మిట్టమధ్యాహ్నపుటెండలో బజారుకు నడిచిపోయారు. ఆ ఒక్క ముక్కకు ఇన్నేళ్లు పట్టిందిరా బేవకూఫ్ అని వాడిని తిట్టుకుంటూ, అంగట్లో కూర్చుని బోరున ఏడ్చాను.