పది పన్నెండు ముహూర్తం

భయపడటం నాకు చేతకాదని మా ఇంట్లో పేరు. ఇంట్లోకి పాము దూరితే కర్ర తెచ్చేది నేను, మంచం ఎక్కేది మా ఆయన వీరబాబు. అలాంటిదాన్ని మొన్న శ్రావణమాసంలో ఒక సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, భయమంటే ఏమిటో నేర్చుకున్నాను. ఆ రోజు జరిగింది ఏమీ దాచకుండా చెబుతాను. దాస్తే నాకు నిద్ర పట్టేలా లేదు.

నేను పనిచేసేది వాగు హెచ్చరిక కేంద్రంలో. పేరు చూసి పెద్ద ఆఫీసు అనుకోకండి, మొత్తం మూడు గదులు. జూలూరుపాడు వైపు నుంచి అడవిలోకి వెళ్లే దారిలో ఉంటుంది. మాకు పద్నాలుగు కిలోమీటర్ల అవతల వాగు మీద ఒక చప్టా ఉంది. చప్టా అంటే వంతెన కాదు, వాగు అడుగునే సిమెంటు పోసి వేసిన రోడ్డు. పైన కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, నీళ్లు ఒక్కసారిగా దాని మీదికి వచ్చేస్తాయి. నిరుడు ఇద్దరు మనుషులు, నాలుగు ఎడ్లు అలాగే కొట్టుకుపోయారు. ఆ తర్వాతే ఈ కేంద్రం వచ్చింది, నాకు ఈ ఉద్యోగం వచ్చింది.

పని విధానం తేలికే. ఎగువన కొలబద్ద దగ్గర దస్రు అనే ఆయన ఉంటాడు. నీళ్లు ఎంత ఎత్తున్నాయో వైర్‌లెస్ సెట్లో చెబుతాడు. ఆ అంకెను మేము పాత సర్వర్‌లో ఎక్కిస్తాం. కొత్త సర్వర్ దాన్ని చదివి, మూడు మీటర్లు దాటితే చప్టా దగ్గర సైరన్ మోగిస్తుంది. ఈ కొత్త సర్వర్‌కి ప్రారంభోత్సవం జరిగింది ఆ రోజు ఉదయమే.

పంతులుగారు పెట్టిన ముహూర్తం పది గంటల పన్నెండు నిమిషాలు. సర్వర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాం. సరిగ్గా పది గంటలకి కరెంటు పోయింది. జనరేటర్ దగ్గి దగ్గి అందుకునేసరికి పదిన్నర దాటింది. వచ్చిన పెద్దమనుషుల ముఖాలు మాడిపోయాయి. మా ఆఫీసర్ రవీందర్ సార్ నన్ను పక్కకి పిలిచాడు.

"ప్రసూనా, ముహూర్తం పోయిందంటే వీళ్లు ఊకోరు. మొదటి కాగితం మీద పది పన్నెండు అనే పడాలె. గడియారం నీ చేతిలనే ఉన్నది గదా, ఎనుకకు తిప్పు."

"అట్ల తిప్పొద్దు సార్."

"ఒక్క కాగితం కోసమేనమ్మా. ఫొటో దిగినంక మల్ల సరి చేద్దువు."

తిప్పాను. ఇరవై నిమిషాలు వెనక్కి. సర్వర్ తన గడియారాన్ని తానే సరిదిద్దుకుంటుంది కాబట్టి, అలా దిద్దుకోకుండా ఆ సర్వీసును కూడా ఆపేశాను. మొదటి రికార్డు "10:12" అని ముద్రై వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఫొటోలు దిగారు. కొబ్బరి ముక్కలు పంచమని నన్నే పిలిచారు. పంచాను, నవ్వాను, గడియారం సంగతి మర్చిపోయాను. పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటి వాళ్లతో మాటల్లో పడ్డట్టు మర్చిపోయాను. తర్వాత అందరూ మా జీపులోనే పర్ణశాల దర్శనానికి వెళ్లారు. కేంద్రంలో నేనూ, ఊడ్చే పనికి వచ్చే ముత్తక్కా మిగిలాం.

సాయంత్రం నాలుగింటికి మళ్లీ కరెంటు పోయింది. సర్వర్ ఆగి, లేచింది. లేచాక తెర మీద ఒకే ఒక్క వాక్యం: "కెనాట్ జనరేట్ ఎస్‌ఎస్‌పిఐ కాంటెక్స్ట్."

పదేళ్లుగా కంప్యూటర్ల పనిలో ఉన్నాను. ఈ ఎర్రర్ అంటే నాకు ఒళ్లు మంట. ఫలానాది చెడిందని చెప్పి చావదు. కొత్త సర్వర్‌ని పాత సర్వర్ లోపలికి రానివ్వడం లేదని మాత్రం అర్థమైంది. అంటే కొత్తది అంకె చదవలేదు. చదవకపోతే సైరన్ లేదు. చేత్తో నొక్కి మోగించే బటన్ కూడా ఆ ప్రోగ్రాంలోనే పెట్టారు మహానుభావులు.

అప్పటికి నాకు విసుగే తప్ప భయం లేదు. అంతలో సెట్లో దస్రు గొంతు వినిపించింది.

"మేడం, రెండు మీటర్ల అరవై. పైన వాన దంచుతాంది. నీళ్లు ఎర్రగొస్తున్నయ్."

అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయన ఆటో. నాట్ల రోజులు కదా, చప్టా అవతలి గూడెం నుంచి పదిమంది ఆడవాళ్లను పొద్దున ఇవతలి పొలాలకు తెస్తాడు, సాయంత్రం తీసుకుపోతాడు. ఐదూ ఇరవైకి పొలం దగ్గర బయలుదేరితే ఐదు నిమిషాల్లో చప్టా. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆ పదిమందిలో ముత్తక్క కూతురు దుర్గ ఉంది. నాలుగు నెలల కడుపుతో నాట్లకి వెళుతోంది.

తెర మూలన టైమ్ చూశాను. 4:04. గంటకు పైగా ఉంది కదా అనుకున్నాను.

ముందు పాస్‌వర్డ్ చూశాను. సరిగానే ఉంది. సర్వర్ పేరు నమోదు చూశాను, అదీ బాగానే ఉంది. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అదే వాక్యం. ల్యాండ్‌లైన్ నుంచి హైదరాబాద్‌లో ఉండే మా సీనియర్ రమణ గారికి ఫోన్ చేశాను.

"అది దగ్గు లాంటిదమ్మా. ఏ రోగానికైనా వస్తది. ఒక్కొక్కటే చూసుకుంట పో," అన్నాడు.

నెట్‌లో వెతికితే పన్నెండు సలహాలతో ఒక పేజీ దొరికింది. ఒక్కొక్కటే చేస్తూ పోయాను. పదకొండోది "రెండు సర్వర్ల గడియారాలు కలుస్తున్నాయా" అని. అవి వాటంతటవే కలుపుకుంటాయిలే అని దాటేశాను. పొద్దున నా చేత్తో నేనే ఆపిన సంగతి ఆ క్షణాన తలపుకే రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"రెండు మీటర్ల తొంభై, మేడం."

ఈసారి ఠాణాకి ఫోన్ చేశాను. దారిలో చెట్టు పడింది, తీయించి మనిషిని పంపుతామన్నారు. రవీందర్ సార్ ఫోన్ అందలేదు. జీపు లేదు. నా సెల్‌ఫోన్ చచ్చిపోయి ముందు గదిలో చార్జింగ్‌కి పెట్టి ఉంది. వేళ్లు చెమటకి కీబోర్డు మీద జారుతున్నాయి. ఒక అక్షరం కొట్టబోతే ఇంకో అక్షరం పడుతోంది. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టాను. వీరబాబు ఆటో వెనక రాయించుకున్న మా బాబు పేరు కళ్లముందు కనిపిస్తోంది, నీళ్లలో తలకిందులుగా. ఛీ అనుకుని తల విదిలించాను. మళ్లీ అదే కనిపించింది.

"మూడు దాటింది మేడం! మూడు మీద అయిదు. సైరన్ కొట్టిన్రా?"

సెట్ పక్కకి జరిపి తెర వైపు తిరిగాను.

తెర మూలన 4:53. ఇంకా ఇరవై ఏడు నిమిషాలు, తర్వాత దారిలో ఐదు. సర్వర్ మొత్తం ఆపి, పాత బ్యాకప్ ఎక్కిస్తే ఇరవై నిమిషాల్లో లేస్తుంది. సరిపోతుంది. దేవుడా, సరిపోతుంది. ఆపే బటన్ మీదికి చేయి పోనిచ్చాను.

అప్పుడే ముత్తక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో చీపురు అలాగే ఉంది.

"మేడం, సైరన్ పోయిందా? మా దుర్గోళ్లు బయలెల్లే టైమైంది."

"ఇంకా ఐదు కూడా కాలే ముత్తక్కా. నన్ను పని చేసుకోనియ్."

"ఐదెందుకు కాలే మేడం? ఐదుంబావు కావస్తాంది. నేను ఇప్పుడే గోడ గడియారం చూసొస్తున్న."

"ఆ గడియారం ముందుకు పోతున్నట్టుంది."

"నా ఫోన్ల గూడ గంతే ఉన్నది, సూడున్రి."

చీర చెంగున కట్టుకున్న చిన్న ఫోన్ విప్పి నా ముఖం ముందు పెట్టింది. 5:13.

పొద్దుటి కొబ్బరి ముక్కలు, చప్పట్లు, పది పన్నెండు, అన్నీ ఒకేసారి వచ్చి గుండెల మీద పడ్డాయి. రెండు సర్వర్ల గడియారాలకీ ఐదు నిమిషాలకి మించి తేడా ఉంటే పాత సర్వర్ ఎవరినీ నమ్మదు, తలుపు వేసేస్తుంది. కొత్తది పొద్దుటి నుంచి పాత పరిచయంతో నెట్టుకొచ్చింది. నాలుగింటికి ఆగి లేచాక కొత్తగా తలుపు తట్టాల్సి వచ్చింది, అప్పుడు పట్టుబడింది. అంతే రోగం. ఆ రోగం అంటించింది నేను. అంతకంటే ఘోరం, ఆ దొంగ గడియారాన్ని నమ్మి ముప్పావు గంట నేనూ తీరిగ్గా లెక్కలు వేసుకుంటున్నాను.

ఆపిన సర్వీసును మొదలుపెట్టాను. అది వెంటనే లేవలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. ముత్తక్క నా కుర్చీ వెనక నిలబడి వాళ్ల భాషలో ఏదో గొణుగుతోంది, దేవతను పిలుస్తోందో నన్ను తిడుతోందో తెలియదు. తెర మూలన అంకెలు 4:58 నుంచి ఒక్క దూకు దూకి 5:18 అయ్యాయి. సైరన్ ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అది లేవడానికి పట్టిన ఆరు నిమిషాలూ నేను ఏ దేవుడికి ఏం మొక్కానో నాకే గుర్తు లేదు. ఎర్రర్ రాలేదు. అంకె చదివింది. మూడు మీటర్ల ఇరవై.

"సైరన్ మోగుతోంది" అని ఆకుపచ్చ అక్షరాలు పడేసరికి 5:26.

ఐదూ ఇరవై ఐదుకి ఆటో చప్టా దగ్గర ఉండాలి. ఒక్క నిమిషం. ముత్తక్కకి చదువు రాదు, నా ముఖం చదివింది. నేల మీద కూలబడింది. నేనూ పక్కనే కూర్చున్నాను. బతికి ఉన్నారో లేదో తెలియకుండా మనిషి ఎంతసేపు కూర్చోగలడో ఆ రోజు తెలిసింది నాకు. ముప్పై తొమ్మిది నిమిషాలు.

ఆరూ ఐదుకి ముందు గదిలో నా ఫోన్ మోగింది.

"ప్రసూనా," వీరబాబు గొంతు. వెనక ఆడవాళ్ల ఏడుపులు, అరుపులు. "అందరం మంచిగనే ఉన్నం. గుట్ట మీదికొచ్చి చేస్తున్న."

నేను ఏడుస్తూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఫోన్ ముత్తక్క చేతికిచ్చాను. కూతురి గొంతు విన్నాక ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"చప్టా మీద నీళ్లు సన్నగ పారుతున్నయ్," ఆయన చెబుతూనే ఉన్నాడు. "వద్దన్నా, ఎర్ర నీళ్లని దుర్గ మొత్తుకున్నది. నేనే ఇనలే. సైరన్ మోగలే గదా, మోగలేదంటే నీళ్లు రావు, మా ఆమె పెట్టింది గది, ఉత్తగ ఊకోదు అన్న. ముందు చక్రం నీళ్లల్ల దించిన. గప్పుడు మోగింది. ఎనుకకు గుంజేటాలకి చప్టా మొత్తం మునిగింది. నీ సైరనే కాపాడింది ప్రసూనా."

ఆ మాట నేను భరించలేకపోయాను.

"సైరన్ కాదు. అది పావుగంట ముందు మోగాలె. నేను పొద్దున గడియారం ఎనుకకు తిప్పిన, ముహూర్తం కోసం. సరి చేసుడు మర్చిపోయిన."

అటువైపు ఆయన ఆడవాళ్లను ఆటో ఎక్కమనడం వినిపించింది. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

ముత్తక్క నన్నే చూస్తోంది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"ఎవరి ముహూర్తం మేడం అది?" అని అడిగింది. చీపురు గోడకి ఆనించి వెళ్లిపోయింది.

మర్నాడు రవీందర్ సార్ రిపోర్టులో కరెంటు వల్ల అని రాయమన్నాడు. ఏం జరిగిందో అదే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఏం చేస్తారో చేయనివ్వండి.

నాలుగో రోజు వాగు తీసింది. పొద్దున్నే నేనూ ఆటోలో ముందు సీట్లో కూర్చున్నాను. వెనక దుర్గ, ఇన్నాళ్లూ వాగు ఇవతలే చిక్కుకుపోయిన మిగతా ఆడవాళ్లు, గూడేనికి తిరిగి పోతున్నారు. ఎండ బాగా కాస్తోంది. చప్టా పొడిగా, తెల్లగా ఉంది. పక్కన స్తంభం మీద సైరన్ మౌనంగా ఉంది.

వీరబాబు చప్టా ముందు ఆటో ఆపాడు. దిగి, సీటు కింద నుంచి పొడవాటి వెదురు కర్ర తీశాడు. అది కొత్తది, నేను ఎప్పుడూ చూడలేదు. పక్క మడుగులో దింపి చూసుకున్నాడు, చాలాసేపు ఎగువ వైపు చూశాడు. వచ్చి కూర్చుని బండి కదిలించాడు. సైరన్ వైపు చూడలేదు. నా వైపు కూడా చూడలేదు.