దామోదర్ రెడ్డి స్వింగు

సిద్దిపేటలో దామోదర్ రెడ్డిని ఎరగనివాళ్ళు తక్కువ. ప్లాట్ల వ్యాపారం, నారాయణరావుపేట దారిలో ఫంక్షన్ హాలు, పండగ వస్తే కరెంటు స్తంభాలన్నిటికీ ఆయన ఫ్లెక్సీలు. లేనిదల్లా పార్టీ జిల్లా అధ్యక్ష పదవి. అది ఇవ్వాల్సిన పెద్దసారు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆఫీసులో కలిస్తే దండ వేయించుకుంటాడు, ఇంట్లో కలిస్తే చాయ్ ఇప్పిస్తాడు, మాట మాత్రం ఆదివారం పొద్దున గోల్ఫ్ మైదానంలోనే ఇస్తాడని అనుచరుడు దేవదాసు కబురు మోసుకొచ్చాడు. ఎవరెవరినో పట్టుకుని దామోదర్ వచ్చే నెల ఆటకు పిలుపు సంపాదించాడు. గోల్ఫ్ కర్రను ఆయన అంతవరకు చేత్తో పట్టుకోలేదు.

చంద్లాపూర్‌లో రంగనాయక సాగర్ కట్ట కనిపించేంత దూరంలో ఆయనకు పొలం ఉంది. మక్కలు కోసిన చెలకను చదును చేయించి, హైదరాబాద్ నుంచి వంశీ అనే కోచ్‌ను రప్పించాడు. వంశీ మొదటిరోజు కర్ర ఇవ్వలేదు. ఊరికే నిలబడమని, చుట్టూ తిరిగి చూశాడు.

"సార్, మీరు దండ ఏయించుకునేతందుకు నిలబడ్డట్టున్నరు," అన్నాడు.

నిజమే. ఏళ్ల తరబడి ఫోటోలకు నిలబడీ నిలబడీ దామోదర్ ఒళ్ళు అలా బిగుసుకుపోయింది. ఛాతీ ముందుకు, పొట్ట ఇంకాస్త ముందుకు, గడ్డం పైకి. గోల్ఫ్‌కు ఇదేదీ పనికిరాదు. మోకాళ్ళు కొంచెం సడలించాలి. వీపు తిన్నగా ఉంచి తుంటి దగ్గర వంగాలి. తల కదలకూడదు, చూపు బంతి మీదే ఉండాలి.

వంగడం తొందరగానే వచ్చింది, పార్టీలో అలవాటున్నదే. తల నిలపడమే రాలేదు. కర్ర కిందికి దిగుతుండగానే, ఎవరు చూస్తున్నారో అని తల పైకి లేచేది. దాంతో భుజాలూ లేచేవి. కర్ర మట్టిని పెకలించేది, బంతి ఉన్నచోటే ఉండేది. అయినా గట్టు మీద కూర్చున్న దేవదాసు బృందం చప్పట్లు మోగించేది.

"అబ్బ, ఏం కొట్టినవ్ అన్నా! బంతి కండ్లకు ఆనుతనే లేదు!" అన్నాడు దేవదాసు.

"బంతి ఈడనే ఉన్నది గదరా," అన్నాడు దామోదర్.

వంశీ ఆ బృందాన్ని మర్నాటి నుంచి రావద్దన్నాడు. దామోదర్‌ను బోరు మోటారు గది దగ్గరికి తీసుకెళ్ళి, చేతులు ఛాతీ మీద కట్టించి, నుదురు గోడకు ఆనించి, తల కదలకుండా భుజాలు మాత్రం అటూ ఇటూ తిప్పమన్నాడు. రోజూ పొద్దున అదే సాధన. కలుపు తీయడానికి పోతున్న రాములవ్వ ఒకరోజు అది చూసి ఆగిపోయింది.

"అయ్యో పటేలా, ఏమైందయ్యా? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

తల కదిలించకూడదు కనుక దామోదర్ బదులివ్వలేదు. సాయంత్రానికి సిద్దిపేట అంతా తెలిసిపోయింది. పదవి రాదని దామోదర్ రెడ్డి పొలంలో గోడకు తల పెట్టుకుని ఏడుస్తున్నాడట. మర్నాడు ఇంటికి పరామర్శకు జనం బారులు కట్టారు. అందరికీ చాయ్ పెట్టిపెట్టి భార్య లక్ష్మీబాయికి విసుగొచ్చింది.

"ఆట నేర్చుకుంటుండు అంటే, దుఃఖం దాసుకుంటుంది పాపం అని నన్నే అంటున్రు. గోడ కాడ నిలబడుడు ఇంకెన్ని దినాలు?" అని భర్తను నిలదీసింది.

"మెడనొప్పి పోయింది లక్ష్మీ," అన్నాడాయన ఆశ్చర్యంగా.

ఒక ఉదయం బంతి నిజంగానే లేచింది. కర్రకు తగిలినట్టే చేతికి తెలియలేదు. ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు, అంతే. తల ఎత్తేసరికి బంతి ఎక్కడో దూరంగా దిగుతోంది. గుండెలో ఏదో తేలికైంది. ఆ సంగతి దామోదర్ ఎవరికీ చెప్పలేదు, ఫోటో కూడా తీయించుకోలేదు.

ఆదివారం వచ్చింది. పెద్దసారు మొదటి దెబ్బకే బంతిని పొదల్లోకి పంపాడు. "గాలి ఎదురున్నది సార్," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఆకు కదలడం లేదు. తర్వాత కొట్టినవాళ్ళందరూ కష్టపడి సారు కంటే అధ్వానంగా కొట్టారు. రోడ్ల కాంట్రాక్టర్ సారయ్య అయితే బంతిని నేరుగా నీళ్ళలో వేసి, "మీ లెక్క కొట్టుడు మాతోని ఏడైతది సార్," అని తల గోక్కున్నాడు. సారయ్య కూడా సిద్దిపేటవాడే, ఆ పదవి కోసమే వచ్చాడు.

దామోదర్‌కు ఆట అర్థమైంది. తన వంతు రాగానే కావాలని తల ఎత్తాడు. బంతి పక్కకు దొర్లి ఆగింది. పెద్దసారు నవ్వి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు ఓపిక ఉన్నది దామోదర్. ఆట అయినంక మీ జిల్లా ముచ్చట మాట్లాడుకుందాం."

ఆ చెయ్యి కోసమే ఇన్నేళ్ళూ తిరిగాడు. ఇంకో రెండు దెబ్బలు ఇలాగే కొడితే పని అయిపోతుంది.

మళ్ళీ వంతు వచ్చింది. ముందు పచ్చని గడ్డి, దూరాన చిన్న జెండా. మోకాళ్ళు వాటంతటవే సడలాయి, వీపు తిన్నబడింది. తల ఎత్తాలన్న సంగతి గుర్తుంది. ఎత్తబుద్ధి కాలేదు. ఈ ఒక్కసారికి అనుకున్నాడు.

కొమ్మ విరిగిన చప్పుడు. బంతి వెళ్ళిపోయాక కూడా దామోదర్ గడ్డినే చూస్తూ ఉండిపోయాడు. తల ఎత్తేసరికి బంతి జెండా పక్కనే ఉంది. సారయ్య వంగి బూటు లేసు సరిచేసుకుంటున్నాడు.

"మంచిగ కొట్టినవ్," అన్నాడు పెద్దసారు. జెండా వైపు చూస్తూ, "ప్రజలల్ల తిరిగెటోనికి ఇంత ప్రాక్టీసుకు టైం ఏడిది దామోదర్?" అన్నాడు.

ఆట ముగిసింది. జిల్లా ముచ్చట రాలేదు.

వారం తిరక్కుండానే సారయ్య అధ్యక్షుడయ్యాడు. దేవదాసు ఆ సాయంత్రమే సారయ్య ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టిస్తూ కనిపించాడు. దామోదర్ కొన్నాళ్ళు గడప దాటలేదు. తన మీద తనకే కోపంగా ఉంది.

"ఇంకోసారి తప్పు కొడితే మీదేం పోతుండె?" అంది లక్ష్మీబాయి.

"ఏం లేదు. గని మంచిగ కొట్టబుద్ధయింది."

ఆమె ఆయన కంచంలో ఇంకో రొట్టె వేసింది.

కొన్ని నెలలకు సారయ్య ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"దామోదరన్నా, నీతోని ఓ పని పడ్డది. ప్రతిసారి బంతి నీళ్ళలనే ఏస్తుంటే సారుకు అనుమానమొచ్చింది. కావాల్నని ఓడుతున్నవా అని మొఖం మీదనే అడిగిండు. జర మంచిగనే ఆడాలె, సారు కన్న ఇంతంత తక్కువ. గది ఎట్లనో నేర్పరాదు?"

"గది నాకు రాదు సారయ్యా," అన్నాడు దామోదర్. "వస్తే నీ కుర్చీల నేనే ఉందును."

ఫోన్ పెట్టేసి, కారు తాళాలు తీసుకుని చంద్లాపూర్ పొలానికి బయలుదేరాడు.